బ్యాండ్‌వాగన్ ఎక్కడమంటే తూర్పారబట్టడమేనా?

కాలవగట్టు: 2009లో వనామీ రొయ్యల సాగుకి అనుమతొచ్చాక భీమవరం చుట్టుపక్కల రైతులు "జంప్డ్ ఆన్ ద బ్యాండ్‌వాగన్" అని ఉన్న ఒక ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేస్తున్నానండి. దాన్ని "గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకున్నారు" అంటే సరిపోతుందని నా వాదనండి. అదునెరిగి అందిపుచ్చుకోవడమేగా రెండూ!

చేట: కాదండి. తూర్పారబట్టేవాడి కళ్ళంలో నూర్చిన రాశి ముందే ఉంటుంది, గాలి కోసమే ఆగుతాడు. చేట తలెత్తున పట్టి పోస్తే గట్టిగింజ కాళ్ళ దగ్గర పడుతుంది, తాలు ఎగిరిపోతుంది. గాలి పడిపోయిందా, తాలూ గింజా ఒకే కుప్ప. (కోత మిషన్లొచ్చాక ఇదంతా పిల్లలకి బొమ్మ గీసి చెప్పాల్సొస్తోంది, అది వేరే సంగతి.) బ్యాండ్‌వాగన్ ఎక్కేవాడికి సొంత రాశేదీ? మీ సామెతకి సరిజోడు "మేక్ హే వైల్ ద సన్ షైన్స్", అంటే ఎండ ఉండగానే గడ్డి ఎండబెట్టుకోమని.

మేళంబండి: అమెరికాలో సర్కస్ ఊరేగింపులో బ్యాండు మేళం కూర్చునే బండే బ్యాండ్‌వాగన్. 1855లోనే బార్నమ్ రాతల్లో ఆ మాట అచ్చయింది. తర్వాత రాజకీయాల్లోకొచ్చి, గెలిచేలా ఉన్నవాడి పక్కన చేరిపోవడమనే అర్థం తెచ్చుకుంది. అందుకే అందులో వెటకారం. బండి కట్టినవాణ్ణి అలా అనరు, వెనక ఎక్కినవాణ్ణే అంటారు. ఉద్యోగం దరఖాస్తులో "కొత్త టెక్నాలజీ ఏదొచ్చినా బ్యాండ్‌వాగన్ ఎక్కేస్తా" అని రాస్తే తన్ను తాను వెక్కిరించుకున్నట్టే. అక్కడ "రైడ్ ద వేవ్" (వచ్చిన అల మీద సాగిపోవడం) నయం.

కాలవగట్టు: పోనీ "గుంపులో గోవిందా" అందామా?

మేళంబండి: అదీ చాలదండి. గుంపులో గోవిందా అనేవాడు గొంతు కలిపి తప్పుకుంటాడు. బండెక్కేవాడికి గెలుపులో వాటా కావాలి.

ఉప్పుటేరు: రైతులందరికీ ఒకే వెటకారం అంటగట్టకండి. నీటి ఉప్పదనం చూసుకుని, మంచి సీడు (రొయ్యపిల్ల) తెచ్చుకుని ముందు దిగినవాడు తూర్పారబట్టినవాడే. అతన్ని చూసి వరిచేను తవ్వించినవాడిది బండెక్కడం. అందరూ ఒకే నెలలో పిల్ల వదిలితే పట్టుబడులూ ఒకేసారొస్తాయి, వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) ధర జారుతుంది. పైగా ఒక చెరువులో రొయ్యలకి తెల్లమచ్చ వైరస్ తగిలి ఆ నీళ్ళు డ్రెయిన్లోకి వదిలితే, పక్క చెరువు మోటారు తోడేది ఆ నీళ్ళే. మీ వాక్యం ఎవరి గురించో ముందు చూడండి.

కాలవగట్టు: తర్వాతి వాక్యం ధర పడిపోవడం గురించేనండి.

చేట: మరింకేం! సామెతలొదిలేసి "పక్కవాడు తవ్వాడని తామూ తవ్వేశారు" అని రాయండి.

కాలవగట్టు: "తవ్వేశారు" కాస్త ఎక్కువేమో. "తవ్వించారు" చాలదూ?

చేట: ఆ "ఏశారు"లోనే ఉందండీ వెటకారమంతా.