చార్టర్ స్కూల్ బోర్డులో చేరమంటున్నారు, ఒప్పుకోవాలా?

మూడో తరగతి అమ్మ:

అందరికీ నమస్తే. మేం కాలిఫోర్నియాలో ఉంటాం. పాప మూడో తరగతి, బాబు కిండర్‌గార్టెన్, ఇద్దరూ ఒకే చార్టర్ స్కూల్. పాపకి లాటరీలో సీటు వచ్చిన రోజు ఇంట్లో పండగే అయింది.

పోయిన నెల మొదటిసారి బోర్డు మీటింగ్‌కి వెళ్లాను. వచ్చే ఏడాది ఆర్ట్ టీచర్ పోస్టు తీసేస్తున్నారని తెలిసి వెళ్లాను. పబ్లిక్ కామెంట్‌లో రెండు నిమిషాలు ఇచ్చారు. ఎదురుగా టేబుల్ మీద టైమర్ పెట్టారు, చివరి పదిహేను సెకన్లు అంకెలు ఎర్రగా మారతాయి. అవి చూస్తూ గబగబా మాట్లాడేశాను. డబ్బు ఎందుకు చాలడం లేదు అని సూటిగా ఒకే ప్రశ్న అడిగాను. ఐదుగురు మెంబర్లలో ఒక్కరూ జవాబివ్వలేదు. చైర్ థాంక్యూ చెప్పి తర్వాతి పేరు పిలిచారు. ఇంటికొచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

వారం తర్వాత స్కూల్ ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఫోన్ చేశారు. బోర్డులో పేరెంట్ సీటు ఖాళీ అవుతోంది, మీరు అప్లై చేస్తారా అని. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. బడ్జెట్ అంటే మా ఇంటి ఖర్చుల షీట్ తప్ప ఏమీ తెలియదు. మా వారేమో జీతం లేని పని, రేపు స్కూల్ మీద కేసు పడితే మన ఇల్లు పోతుంది, వద్దంటున్నారు. నాకు మాత్రం మనసు లాగుతోంది.

నెలకి ఎంత టైమ్ పడుతుంది? కేసుల సంగతి నిజమేనా? చేరితే ఆర్ట్ టీచర్‌ని ఆపగలనా? ఇంకొకటి, క్లాసు అమ్మల వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

గుమ్మం పక్క మల్లె:

ఎందుకండీ ఈ టెన్షన్? అది ప్రైవేటు వాళ్ల స్కూలు, లాభనష్టాలు వాళ్లు చూసుకుంటారు. మీరు పిల్లల చదువు చూసుకోండి చాలు.

ఆరేళ్ల ట్రెజరర్:

మల్లె గారూ, ఇక్కడ ఒక్క మాట సరిదిద్దాలి. చార్టర్ స్కూల్ ప్రైవేటు కాదు, పబ్లిక్ స్కూలే. కాకపోతే మామూలు స్కూళ్లని నడిపే స్కూల్ డిస్ట్రిక్టు కాకుండా, సొంత బోర్డు దీన్ని నడుపుతుంది. ఫీజు ఉండదు, డబ్బు మన పన్నుల్లోంచి వస్తుంది, సీట్ల కంటే ఎక్కువమంది వస్తే అందరి ముందూ లాటరీ తీయాలి. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, 1992లో రెండో రాష్ట్రంగా కాలిఫోర్నియా చేసింది. ఇక్కడ 2019 జులై నుంచి లాభాపేక్ష ఉన్న కంపెనీ చార్టర్ స్కూల్ నడపడానికే వీల్లేదు. కాబట్టి లాభం తీసుకునే యజమాని అంటూ ఎవరూ లేరు. ఆ స్కూల్‌కి చివరి బాధ్యత ఆ ఐదుగురు జీతం లేని మనుషులదే. అందుకే ఎవరు చేరతారన్నది నాకు చాలా పెద్ద విషయం.

ఇక ప్రశ్న అడిగిన అమ్మకి. నేను అకౌంటెంట్‌ని. మా పిల్లలు చదివిన చార్టర్ స్కూల్ బోర్డులో రెండు టర్ములు, మొత్తం ఆరేళ్లు ఉన్నాను. తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ఆ రాత్రి మీకు జవాబు రాకపోవడం మీమీద కోపం వల్ల కాదు. ఇక్కడ బోర్డు మీటింగులు బ్రౌన్ యాక్ట్ కింద జరుగుతాయి, అంటే ఇలాంటి మీటింగులు అందరి ముందూ జరగాలనే రాష్ట్ర చట్టం. మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందే బయట పెట్టాలి, అందులో లేని విషయం చర్చించకూడదు. మీ ఆర్ట్ టీచర్ పోస్టు సంగతి అజెండాలో ఉందో లేదో నాకు తెలియదు కానీ, ఉన్నా చాలామంది మెంబర్లు భయపడి నోరు మెదపరు. అది నాకెప్పుడూ నచ్చలేదు. మీ ప్రశ్న రాసుకున్నాం, ఫలానా మీటింగ్‌లో చెప్తాం అనడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. మీరు చేరితే ఆ ఒక్క వాక్యం అలవాటు చేయండి.

టైమ్ గురించి: నెలకో మీటింగ్, మూడు గంటలు. అసలు పని దానికి ముందు ఉంటుంది. మాకు శుక్రవారం సాయంత్రం ప్యాకెట్, అంటే మీటింగ్ కాగితాల కట్ట, వచ్చేది, మంగళవారం మీటింగ్. ఒకసారి 212 పేజీలు వచ్చాయి. శని, ఆదివారాల్లో ఒక పూట దానికే పోతుంది. జూన్‌లో బడ్జెట్, డిసెంబర్‌లో ఆడిట్, అప్పుడు ఇంకా ఎక్కువ.

నేను ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెప్పేది.

నా నాలుగో ఏడాది జూన్‌లో, వచ్చే సంవత్సరం 420 మంది పిల్లలు వస్తారని బడ్జెట్ పెట్టారు. ఎంతమంది చేరారు ఇప్పటిదాకా అని నేనే అడిగాను. వెయిట్‌లిస్ట్ చాలా పొడుగ్గా ఉంది, ఏం ఫర్వాలేదు అన్నారు. సరే అనుకున్నాను. అందరం అవునని ఓటేశాం. సెప్టెంబర్‌లో బెంచీల మీద కూర్చున్నది 371 మంది.

వెయిట్‌లిస్ట్ అంటే పిల్లలు కాదండీ. ఒకే ఇంటివాళ్లు నాలుగైదు స్కూళ్ల లాటరీల్లో పేరు వేస్తారు, మనమూ వేశాం కదా. ఒకచోట సీటు దొరికాక మిగతా చోట్ల పేరు తీయించుకోవడం ఎవరికీ గుర్తుండదు. పేపరు మీద వందమంది ఉంటారు, ఫోన్ చేస్తే పదిమంది పలుకుతారు.

కాలిఫోర్నియాలో స్కూల్‌కి డబ్బు వచ్చేది పేరు రాయించుకున్న పిల్లల్ని బట్టి కాదు, రోజూ హాజరైన వాళ్ల సగటును బట్టి. ఏడీఏ అంటారు. పిల్లలు తగ్గితే స్కూల్ డిస్ట్రిక్టులకి గతేడాది లెక్కో మూడేళ్ల సగటో పట్టుకునే వెసులుబాటు ఉంది. చార్టర్‌కి లేదు, ఈ ఏడాది ఎంతమంది వస్తే అంతే. మాకు మనిషికి దాదాపు 14,000 డాలర్లు వచ్చేవి. తగ్గిన 49 మందిని దాంతో లెక్కేసుకోండి. ఆరు లక్షల డాలర్ల పైమాట. క్లాసుకి ముగ్గురు తగ్గినంత మాత్రాన టీచర్ జీతం తగ్గదు, అద్దె తగ్గదు.

అక్టోబర్ ప్యాకెట్ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని చదువుతున్నాను. 188వ పేజీలో క్యాష్ ఫ్లో పట్టిక ఉంది, పన్నెండు నెలలు అడ్డంగా, చీమల్లాంటి అక్షరాలు. మార్చి కింద చివరి వరుసలో అంకె చుట్టూ బ్రాకెట్లు. మా వృత్తిలో బ్రాకెట్ అంటే మైనస్. అంటే మార్చి నెలాఖరు జీతాలకి బ్యాంకులో డబ్బు ఉండదు. ఆ పేజీ గురించి అప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అనలేదు. దాచారని నేను అనుకోవడం లేదు. ఎవరూ అంతదూరం చదవలేదు.

ఆ నవంబర్‌లో ఇద్దరు క్లాస్‌రూమ్ ఎయిడ్‌లని, అంటే క్లాసులో టీచర్‌కి సాయంగా ఉండేవాళ్లని, తీసేశాం. అందులో ఒకావిడ స్కూల్ తెరిచిన మొదటి రోజు నుంచీ ఉన్నావిడ, మా చిన్నాడికి షూ లేసు కట్టడం నేర్పింది ఆవిడే. రాష్ట్రం నుంచి రావలసిన డబ్బుని ముందుగానే ఒక ఫైనాన్స్ కంపెనీకి అమ్ముకుని, దాని ఖర్చు భరించి, మార్చి గడిపాం. జూన్‌లో నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఆగస్టులోనే సర్దుకునేవాళ్లం. బహుశా ఆవిడ ఉద్యోగం నిలిచేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే మీ ఆర్ట్ టీచర్ సంగతి వినగానే నాకు పిల్లల సంఖ్యే గుర్తొచ్చింది. ఒక్క పోస్టుని ఆపడం బోర్డు మెంబర్‌గా మీ చేతిలో ఉండదు. బోర్డు నేరుగా పెట్టుకునే, తీసేసే ఉద్యోగి సాధారణంగా ఒక్కరే, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. మిగతా స్టాఫ్ ఆవిడ చూసుకోవాలి. బోర్డు చేసేది బడ్జెట్ పాస్ చేయడం, దాని వెనకున్న లెక్క నిజమో కాదో అడగడం. ఆ లెక్క సరిగ్గా ఉంటే ఆర్ట్ క్లాసుకి డబ్బు మిగిలే దారి కనబడొచ్చు.

కేసుల గురించి మీ వారి భయం అర్థమైంది. 1997 నాటి వాలంటీర్ ప్రొటెక్షన్ యాక్ట్ అని ఫెడరల్ చట్టం ఉంది. మంచి మనసుతో పనిచేస్తూ చేసిన పొరపాటుకి వాలంటీర్ సొంత ఆస్తి జోలికి రాకుండా చాలావరకు కాపాడుతుంది. కావాలని చేసిన తప్పుకీ, కళ్లు మూసుకుని చేసిన ఘోరమైన నిర్లక్ష్యానికీ అది వర్తించదు. దాంతోపాటు బోర్డు మెంబర్ల మీద కేసు పడితే ఆదుకునే డైరెక్టర్స్ అండ్ ఆఫీసర్స్ ఇన్సూరెన్స్ స్కూల్‌కి ఉందా, ఎంతకి ఉందో కాగితం చూపించమనండి. చేరిన 30 రోజుల్లో ఫారం 700 ఇవ్వాలి, తర్వాత ఏటా. అందులో మీ ఆర్థిక సంబంధాలతో పాటు మీ వారివి కూడా స్కూల్ కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ నియమాలు అడిగినమేరకు రాయాలి. అది ఆయనకి ముందే చెప్పండి.

వాట్సాప్ విషయంలో జాగ్రత్త. ఐదుగురి బోర్డులో ముగ్గురు మీటింగ్ బయట స్కూల్ నిర్ణయాల గురించి చర్చిస్తే అది చట్టవిరుద్ధం. ఒకేచోట కూర్చోనక్కర్లేదు. మీరు ఒకరితో, ఆవిడ ఇంకొకరితో మాట్లాడినా లెక్కలోకి వస్తుంది. పైగా సొంత ఫోన్‌లో రాసినా సరే, అది ప్రభుత్వ పనికి సంబంధించిందైతే పబ్లిక్ రికార్డే అని 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 2020 నుంచి ఈ నియమాలన్నీ చార్టర్ బోర్డులకీ ఉన్నాయని చట్టంలో స్పష్టంగా రాశారు. గ్రూపులో ఉండండి, పుట్టినరోజు కేకుల గురించి మాట్లాడండి. అడ్మిన్‌గా మాత్రం వేరేవాళ్లని పెట్టండి. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. పార్కింగ్‌లో స్నేహితురాలు చెయ్యి పట్టుకుని, నిజం చెప్పవే, మా టీచర్‌ని తీసేస్తున్నారా అంటే, బయటివాళ్లు లేకుండా జరిగే క్లోజ్డ్ సెషన్‌లో విన్నది మనసులో పెట్టుకుని నిలబడాలి. ఒకరిద్దరు నాతో మాట్లాడటం మానేశారు కూడా.

పక్క కౌంటీ నాన్న:

పైన ఫారం 700 అన్నారు కాబట్టి ఒక అనుభవం. నేనున్న బోర్డులో ఒక మెంబర్ భార్యకి క్లీనింగ్ కంపెనీ ఉంది. అందరికంటే తక్కువ రేటు ఇచ్చింది. ఆయన ఓటు వేయకుండా బయటికి వెళ్తే సరిపోతుందనుకున్నాం. లాయర్ ఆపారు. గవర్నమెంట్ కోడ్ 1090 ప్రకారం ఆయన తప్పుకుంటే చాలదు, అలాంటి కాంట్రాక్టు బోర్డు మొత్తంగా కూడా చేసుకోకూడదు. రేటు బాగుందన్నది లెక్కలోకి రాదు. ఆ మెంబర్ చాలా మంచి మనిషి, తెలియక జరిగేది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా స్కూల్‌తో చిన్న వ్యాపారం ఉన్నా ముందే చెప్పేయండి.

మూడో తరగతి అమ్మ:

ట్రెజరర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను, మా వారికి చదివి వినిపించాను. ఇన్సూరెన్స్ కాగితం చూశాక మాట్లాడదాం అన్నారు. అంతవరకూ వచ్చారంటే గొప్పే.

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక స్కూల్ వెబ్‌సైట్‌లో పాత ప్యాకెట్లు తీశాను. పోయిన జూన్ బడ్జెట్‌లో 395 మంది అని ఉంది. అక్టోబర్ ప్యాకెట్‌లో 352. క్యాష్ ఫ్లో పట్టికలో ఏప్రిల్ కింద బ్రాకెట్లు ఉన్నాయి! నా చేతులు చల్లబడ్డాయి. నేను మీటింగ్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు నెలల తరబడి వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంది.

ఈ గురువారం ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌ని కలుస్తున్నాను. ఇంకా చేరకముందే ఈ అంకెలు పట్టుకెళ్లి అడిగితే బాగుంటుందా? తప్పుపట్టడానికి వచ్చాననుకుంటారేమో.

ఆరేళ్ల ట్రెజరర్:

తప్పకుండా అడగండమ్మా. ఆవిడ మీకు ఫోన్ చేసిందే మీరు ప్రశ్న అడిగారని. ఆ రెండు పేజీలూ ప్రింట్ తీసుకుని వెళ్లండి, ఫోన్‌లో చూపించకండి. ఇద్దరూ ఒకే కాగితం మీదికి వంగి చూస్తే మాట మెత్తగా సాగుతుంది.

పోయిన ఏడాది గురించి ఎక్కువ తవ్వకండి. రాబోయే ఏడాదికి ఎంతమందిని అనుకుంటున్నారు, అందులో సీటు ఒప్పుకుని, వ్యాక్సిన్ రికార్డు, అడ్రస్ ప్రూఫ్ ఇచ్చేసినవాళ్లు ఎంతమంది అని అడగండి. ఏ తేదీ నాటి లెక్కో కూడా అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి. మే నెల మీటింగ్‌లో మళ్లీ అదే లెక్క అడగాలి కదా.