రెయిడ్ డిస్కులకా, ర్యామ్ జతకా: డబ్బు ముందు దేనికి పెట్టాలి?

కావలి స్టూడియో:
పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే సిస్టం మార్చాలి. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ అనుకుంటున్నాను. గ్రాఫిక్స్ కార్డు ఇప్పట్లో కొనలేను. షాపులో ఏమన్నారంటే, 16 జీబీ ర్యామ్ ఒక్కటే స్టిక్ వేసుకో, మిగిలిన డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు కొని రెయిడ్ (డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) పెట్టుకో, ఇక బ్యాకప్ బాధే ఉండదన్నారు. మాఘమాసం ముహూర్తాల లోపు తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?

ఒంగోలు, కర్నూలు రోడ్డు:
రెయిడ్ 0 పెట్టు తమ్ముడూ. రెండు డిస్కులూ కలిసి పనిచేస్తాయి, పెద్ద ఫైళ్లకు స్పీడు దాదాపు రెట్టింపు. ర్యామ్ రెండో స్టిక్ తర్వాతైనా కొనుక్కోవచ్చు.

నెల్లూరు, ట్రంకు రోడ్డు:
అన్నా, ఆ రెయిడ్ 0 మాట మాత్రం చెప్పకండి. అందులో పెద్ద ఫైలు ఏదైనా ముక్కలై సగం ఒక డిస్కులో, సగం ఇంకోదాంట్లో ఉంటుంది. ఒకటి పోతే రెండోదాంట్లో మిగిలేవి పనికిరాని ముక్కలే. నాకు జరిగింది. కార్తీకంలో వాన పడుతున్న రోజు ఒక డిస్కు టిక్ టిక్‌మని మొదలుపెట్టింది. సాయంత్రానికి బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) దాని పేరే లేదు. కన్యాదానం క్లిప్పు ఇంకెక్కడా లేదు. పెళ్లికూతురి నాన్నగారు స్టూడియోకు వచ్చి అరగంట కూర్చుని, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

రెయిడ్ 1 వేరు. రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ ఉంటుంది, ఒకటి పోయినా ఇంకోటి నడుస్తుంది. అయినా అది బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే ఆ క్షణమే రెండింట్లోనూ పోతుంది. వైరస్ ఫైళ్లను పాడుచేసినా అంతే.

తమ్ముడూ, రెయిడ్ కోసం ఖరీదైన బోర్డు వెతకొద్దు. మామూలు బీ550 మదర్‌బోర్డులోనే రెయిడ్ 0, 1, 10 వస్తాయి. ముందు ర్యామ్ సంగతి చూడు. 5600జీ లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, నీ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక చానల్‌లో, అంటే ప్రాసెసర్‌కు వెళ్లే ఒక దారిలో, సెకనుకు 25.6 జీబీ, రెండు చానళ్లలో 51.2. ఒక్క స్టిక్ వేస్తే సగం దారి మూసేసినట్టే. 8 జీబీవి రెండు, ఒకే ప్యాక్‌లో వచ్చే జత తీసుకో. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది, చూసి గుచ్చు. చాలామంది మొదటి రెండింట్లో పక్కపక్కనే గుచ్చేసి, జత కొనీ ఒక్క చానల్‌తోనే నడుపుతున్నారు.

ఒంగోలు, కర్నూలు రోడ్డు:
రెయిడ్ 0 మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ రెయిడ్ 1ను చిన్నచూపు చూడొద్దు. డెలివరీ ముందురోజు నా డిస్కు ఒకటి పోయింది, పని ఒక్క నిమిషం ఆగలేదు. బ్యాకప్ నుంచి 3 టీబీ వెనక్కి తెచ్చుకోవాలంటే రాత్రంతా కూర్చోవాలి.

నెల్లూరు, ట్రంకు రోడ్డు:
నిజమే అన్నా, ఒప్పుకుంటాను. మూడో డిస్కుకు డబ్బున్నవాళ్లు రెయిడ్ 1 తప్పకుండా పెట్టుకోవాలి. అదీ విండోస్‌లోనే ఉండే స్టోరేజ్ స్పేసెస్‌లో మిర్రర్ (అదే రెండు కాపీల పద్ధతి) చేసుకుంటే నయం. బోర్డు కాలిపోయినా ఆ డిస్కులు ఇంకో విండోస్ సిస్టంకు తగిలిస్తే చదువుతుంది. బోర్డు రెయిడ్‌కు ఆ ధీమా లేదు, మళ్లీ అదే రకం చిప్‌సెట్ వెతుక్కోవాల్సి రావచ్చు. రెండు డిస్కులకే డబ్బుంటే మాత్రం రెండోది బయట బ్యాకప్‌కే.

కావలి స్టూడియో:
సరే అన్నా. 8 జీబీవి రెండు, బీ550 బోర్డు, 4 టీబీ లోపల ఒకటి, బయట ఒకటి. బయటిది స్టూడియోలో ఉంచనా, ఇంట్లోనా?

నెల్లూరు, ట్రంకు రోడ్డు:
ఇంట్లో. స్టూడియోలోకి వాననీళ్లు వస్తే రెండూ ఒకేసారి తడవకూడదు. ఆ డిస్కులోకి కాపీ అయ్యి, ఫైళ్లు తెరిచి చూసుకునేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయొద్దు.