జాన్ వేన్‌ది నటనా, ఒట్టి నడకేనా?

పాతరీలు: కొన్నాళ్లుగా వరసపెట్టి హాలీవుడ్ స్టార్ జాన్ వేన్ వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు, చూస్తున్నాను. 'స్టేజ్‌కోచ్' (1939) నుంచి 'ది షూటిస్ట్' (1976) దాకా అదే నడక, అదే సాగదీసే మాట. 'ది షూటిస్ట్'లోనైతే హీరో గతం చూపించడానికి వేన్ పాత సినిమాల ముక్కలే వాడుకున్నారు! పెద్ద స్టారే, కాదనను. నటుడంటే మాత్రం మనసొప్పడం లేదు. ఏమంటారు?

బొమ్మలకొలువు: అనుమానమే అక్కర్లేదండీ. 1956లో 'ది కాంకరర్'లో ఈయన చెంఘిజ్ ఖాన్. మీసం అతికించుకుని టెక్సాస్ నుంచి దారి తప్పి వచ్చినట్టుంటాడు. 1930లో 'ది బిగ్ ట్రెయిల్' పోయాక దాదాపు పదేళ్లు చవక సినిమాల్లో తిరిగాడు. పైకి లాగింది జాన్ ఫోర్డ్. ఆ గొప్పంతా దర్శకుడిదే.

డల్లాస్_శీను: అదే 1956లో 'ది సెర్చర్స్' కూడా వచ్చింది, దాన్ని వదిలేశారేం? కోమాంచీలు (అమెరికా ఆదివాసీ తెగ) ఎత్తుకుపోయిన అన్న కూతురి కోసం ఈథన్, అంటే వేన్, ఏళ్ల తరబడి తిరుగుతాడు. దొరికితే ఇంటికి తెస్తాడో, చంపేస్తాడో మనకే తెలీదు. ఒకచోట లోయలోంచి ఒంటరిగా తిరిగొచ్చి, గుర్రం దిగి, కత్తితో ఇసుకలో పొడుస్తూ కూర్చుంటాడు. కోటేదని అడిగితే ముభావంగా తప్పించుకుంటాడు. ఆ పిల్లతో పాటే ఎత్తుకుపోయిన అక్క లూసీని ఆ కోటులోనే చుట్టి పాతిపెట్టాడని తర్వాత గానీ తెలీదు. తెలిశాక వెనక్కి వెళ్లి ఆ ముఖం మళ్లీ చూడండి. ఆ క్షణంలో ఆయన చేతిలో డైలాగూ లేదు, ఏడుపూ లేదు.

బొమ్మలకొలువు: ఆ సీను బలం దాచిపెట్టిన విషయానిది శీను గారూ, అంటే స్క్రిప్టుది. నటన చూడాలంటే 'వించెస్టర్ 73' (1950)లో జేమ్స్ స్టీవార్ట్‌ని చూడండి. అప్పటిదాకా మంచి కుర్రాడిగా తెలిసిన మనిషి కళ్లలో ఒక్కసారిగా పగ కనిపిస్తుంది. వేన్ అలా ఎప్పుడు మారాడు?

రాత్రిషో: 1971 ఇంటర్వ్యూలో నల్లజాతివాళ్ల గురించి ఆయన అన్న మాటలు చదివాక నాకైతే చూడబుద్ధి కాలేదు. అయినా మనకి కౌబాయ్ అంటే అదే ఏడు వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్ళకు మోసగాడు' కదా. దానికి చుట్టరికం ఇటాలియన్ వెస్టర్న్‌లతో, వేన్‌తో కాదు.

నల్లమల: ఆ మాటలు దారుణమే, వెనకేసుకు రాను. కానీ ఇక్కడి ప్రశ్న నటన గురించి. 'ఎప్పుడు మారాడు' అన్నారు కాబట్టి 'రెడ్ రివర్' (1948) చెప్తాను. 1946లో తీశారు, అప్పటికి వేన్‌కి నలభై నిండలేదు. వేసింది జుట్టు నెరిసిన డన్‌సన్ పాత్ర. పశువుల మందని తోలుకెళ్తూ, ఎదురు తిరిగినవాళ్లని ఉరి తీస్తాననేంత మొండివాడు. ఎదురుగా రంగస్థలం నుంచి వచ్చిన మాంట్‌గొమరీ క్లిఫ్ట్. పెంపుడు కొడుకుగా అతను మందని లాక్కున్నప్పుడు వేన్ అరవడు, నిన్ను చంపుతానని మామూలు గొంతుతో చెప్తాడు. దర్శకుడు ఫోర్డ్ కాదు, హోవార్డ్ హాక్స్. మీ 'ఫోర్డే లాగాడు' వాదన ఇక్కడ పనిచేయదండీ.

బొమ్మలకొలువు: ఆ నడక అక్కడ కూడా ఉంది మరి!

డల్లాస్_శీను: నడక మారకపోతే నటన లేదంటే ఎలాగండీ? ఈథన్, డన్‌సన్ ఒకే మనిషిలా అనిపించారా మీకు?

పాతరీలు: 'రెడ్ రివర్' నేనింకా చూడలేదు, ఈ శనివారం అదే.

నల్లమల: చూడండి. క్లైమాక్స్ మాత్రం తుస్సుమంటుంది, ఆ తప్పు వేన్ మీదకి నెట్టకండి.