అప్‌డేట్: హీలియోస్ 44-2తో దూరంగా ఉన్నవి మసకగా రావడం – తేడా అడాప్టర్‌లోనే

సోనీ ఏ6000 కెమెరాకి అడాప్టర్ (వేరే రకం లెన్స్ బిగించడానికి మధ్యలో పెట్టే రింగు)తో పాత హీలియోస్ 44-2 లెన్స్ (58 ఎంఎం, ఎఫ్/2) తగిలిస్తే దగ్గరివన్నీ బాగానే వస్తున్నాయి, ఖిలా వరంగల్ తోరణాన్ని దూరం నుంచి తీస్తే మాత్రం ఫోకస్ రింగు చివరిదాకా తిప్పినా మసకే అని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా ‘లెన్స్ విప్పకు, ముందు అడాప్టర్ కొలిపించు’ అన్న అన్నకు.

హనుమకొండలో కెమెరాలు బాగుచేసే ఆయన లెన్స్ వంక చూడనే లేదు. అడాప్టర్‌ను వెర్నియర్‌లో పెట్టి కొలిచారు: 27.6 ఎంఎం. హీలియోస్ లాంటి ఎం42 (మర తిప్పి బిగించే) లెన్సులకు మౌంటు (లెన్స్ బిగించే చోటు) నుంచి ఫిల్మ్ లేదా సెన్సర్ దాకా 45.46 ఎంఎం దూరం కావాలి. అందులో నా కెమెరాకున్న సోనీ ఈ-మౌంట్‌ది 18 పోతే అడాప్టర్ 27.46 ఉండాలి. గోరు మందం కూడా లేని ఆ తేడాకే పాతిక మీటర్లు దాటినవేవీ ఫోకస్‌లోకి రావట్లేదు! ఆయన దగ్గరున్న ఇంకో అడాప్టర్ వేసి చూస్తే దూరపు వాటర్ ట్యాంకు మెట్లు లెక్కపెట్టేంత క్లియర్‌గా వచ్చాయి. అదే కొనేశాను. ఇది రవ్వంత సన్నం, రింగు మీది ఇన్ఫినిటీ (అతి దూరం) గుర్తు కంటే ముందే దూరపు వాటికి ఫోకస్ కుదురుతుంది. దాంతో ఇబ్బందేమీ లేదు.

లెన్స్‌లో ఫంగస్ (బూజు) అని టెన్షన్ పడ్డది ఉత్త దుమ్ము. సెన్సర్ క్లీనింగ్‌కూ ఈ మసకకూ సంబంధం లేదు. కెమెరా మెనూలో ‘రిలీజ్ వితౌట్ లెన్స్’ ఆన్ చేయాల్సిందే కానీ, అది ఇలాంటి లెన్స్‌తో షట్టర్ పడటానికే, ఫోకస్‌కు కాదు.

ఒకటి మాత్రం రోజూ పనికొస్తోంది: లెన్స్ పూర్తిగా తెరిచిన ఎఫ్/2లో పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులకు స్క్రీన్ మీద పడే) రంగును నమ్మకుండా, ఫోకస్ మాగ్నిఫయర్‌ను ఒక బటన్‌కు పెట్టుకుని పెద్దది చేసి చూడటం.