ఉత్పత్తి రెట్టింపు చేద్దామన్న ప్రతిపాదన: ఒప్పుకోవాలా, తిప్పి పంపాలా?

ప్రశ్న వేసినవారు
మా ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ భాగాలు మౌల్డింగ్ చేసి, పెయింట్ వేసి, ఓవెన్‌లో ఆరబెట్టి పంపుతాం. రెండో మౌల్డింగ్ లైను పెడదామని ప్రతిపాదన వచ్చింది. నిరుడు ఆర్డర్లు 20 శాతం పెరిగాయి, డెలివరీలు ఆలస్యమవుతున్నాయి, ఉత్పత్తి రెట్టింపైతే పీసు ఖర్చు 100 నుంచి 80కి దిగుతుంది, కాబట్టి వెంటనే మొదలుపెట్టాలి అంటున్నారు. అర్థం కావడానికి అంకెలు గుండ్రంగా మార్చి ఇస్తున్నాను. ఏడాదికి 10,000 పీసులు. పీసుకి ముడిసరుకు, కరెంటు లాంటివి కలిపి 60. స్థిర ఖర్చులు, అంటే ఎన్ని పీసులు చేసినా మారనివి, మొత్తం 4,00,000. అమ్మకం ధర 110. వచ్చే వారం నా అభిప్రాయం రాసివ్వాలి. ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో పట్టుకోలేకపోతున్నాను.

కాస్టింగ్ (ఖర్చుల లెక్కలు) చూసేవాణ్ణి
ముందు ఒక మాట చెప్పండి. కొత్త లైను వస్తే స్థిర ఖర్చు 4,00,000 దగ్గరే ఆగుతుందా? తరుగుదల (మిషన్ విలువలో ఏటా తగ్గే భాగం), అప్పు మీద వడ్డీ, అదనపు సిబ్బంది, మెయింటెనెన్స్ కలిపితే ఎంత పెరుగుతుంది?

ప్రశ్న వేసినవారు
ఇంకో 3,00,000. అది ప్రతిపాదనలోనే ఉంది, కానీ చివరి పేజీలో విడిగా ఉంది. పీసు ఖర్చు లెక్కలో కలపలేదు.

కాస్టింగ్ చూసేవాణ్ణి
తేడా అక్కడే ఉందండీ. 4,00,000ని 20,000తో భాగించి పీసుకి 20 అన్నారు, దానికి 60 కలిపి 80 చేశారు. నిజానికి భాగించాల్సింది 7,00,000ని. పీసుకి 35 పడుతుంది, ఖర్చు 95 అవుతుంది. అది కూడా 20,000 పీసులూ అమ్ముడైతేనే.

ఇప్పుడు పీసు మీద మిగిలేది 50 (110 లోంచి 60 తీసేస్తే). ఇవాళ 8,000 పీసులు అమ్మితే ఖర్చులు గిట్టుబాటవుతాయి. 10,000 అమ్ముతున్నారు కాబట్టి 1,00,000 లాభం. లైను పెట్టాక గిట్టుబాటు కావడానికే 14,000 అమ్మాలి. ఇవాళ్టి 1,00,000 మళ్లీ చేతికి రావాలంటే 16,000 అమ్మాలి. అంటే 60 శాతం ఎక్కువ అమ్మి ఇప్పుడున్న చోటికే వస్తారు. ప్రతిపాదన చూపిస్తున్న పెరుగుదల 20 శాతం!

దీనికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. 20,000 తయారుచేసి 13,000 మాత్రమే అమ్మారనుకోండి. పీసు ఖర్చు 95 కాబట్టి పుస్తకాల్లో లాభం 1,95,000 కనిపిస్తుంది. ఎందుకంటే గోడౌన్‌లో పడున్న 7,000 పీసులు తలా 35 చొప్పున 2,45,000 స్థిర ఖర్చుని స్టాకు విలువ పేరుతో మోస్తుంటాయి. ఆ 2,45,000ని కూడా ఈ ఏడాది ఖర్చులోనే రాస్తే అసలు సంగతి 50,000 నష్టం. లాభం రెట్టింపైందని అందరూ సంతోషపడుతున్న ఏడాదే బ్యాంకులో డబ్బు అయిపోతుంది. ఇలాంటి ఏడాది నేను ఒకసారి దగ్గర్నుంచి చూశాను. ఆ తర్వాత పీసు ఖర్చు తగ్గుతుందని ఎవరన్నా సరే, ఎన్ని పీసులు అమ్ముడైతే అని అడగకుండా ఉండలేను.

సేల్స్‌లో పదేళ్లు
లెక్క ఒప్పుకుంటాను, దాని వెనక ఉన్న ధోరణి ఒప్పుకోను. మిషన్ ఆర్డరిచ్చిన రోజు రాదు. వచ్చాక బిగించాలి, ట్రయల్ తీయాలి, కస్టమర్ శాంపిల్ పాస్ చేయాలి. ఆర్డర్లన్నీ చేతికొచ్చాకే లైను పెడతామంటే ఈలోగా కస్టమర్ ఇంకొకర్ని చూసుకుంటాడు. పోయిన కస్టమర్‌ని తిరిగి తెచ్చుకోవడానికి పడే కష్టం ఏ కాస్ట్ షీట్‌లోనూ ఉండదు.

ప్లానింగ్
సేల్స్ వారి మాటలో బలముంది. లైను నిండేకొద్దీ ఆలస్యం నెమ్మదిగా పెరగదు, ఎగబాకుతుంది. పనులు ఎప్పుడుపడితే అప్పుడు వస్తూ, ఒక్కోదానికి ఒక్కో సమయం పట్టే ఒంటరి మిషన్‌ని తీసుకుంటే, 80 శాతం నిండినప్పుడు ఒక పని క్యూలో ఉండే సగటు సమయం దాన్ని చేసే సమయానికి 4 రెట్లు. 90 శాతానికి 9 రెట్లు, 95 శాతానికి 19 రెట్లు. కాస్త ఖాళీ కెపాసిటీ ఉంచుకోవడం దుబారా కాదు.

అయితే ఆ 20 శాతాన్ని మాత్రం నేను అలాగే నమ్మను. డెలివరీ ఆలస్యమవుతుందని తెలిసిన కొనుగోలుదారు 100 కావాల్సిన చోట 130 రాస్తాడు, అదే ఆర్డరు ఇద్దరు సప్లయర్లకి ఇస్తాడు. సరుకు సమయానికి అందడం మొదలవగానే ఆ ఎక్కువ రాసినవన్నీ రద్దవుతాయి. ఆర్డర్ పుస్తకం కాదు, ఏ కస్టమర్‌కి ఎంత పంపాం, ఎంత రద్దయింది అన్న పట్టిక తెప్పించుకోండి.

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్
అందరూ కాగితం మీదే ఉన్నారు. మౌల్డింగ్ అయిన సరుకు ఎక్కడ ఆగుతోంది?

ప్రశ్న వేసినవారు
ఇప్పుడే ఫ్లోర్‌కి వెళ్లి చూసొచ్చాను. ఓవెన్ ముందు. ట్రాలీలు నడవ దాకా వచ్చేశాయి. మౌల్డింగ్ దగ్గర రెండు మిషన్లు ఖాళీగా ఉన్నాయి.

షిఫ్ట్ ఇన్‌ఛార్జ్
ఇంకేం కావాలి మీకు? మీ ఇరుకు ఓవెన్ దగ్గరుంటే, మౌల్డింగ్ రెట్టింపు చేసి సాధించేది ఆ ట్రాలీల్ని గేటు దాకా తేవడమే. ఓవెన్ గంటకి ఎంత ఇస్తే ఫ్యాక్టరీ అంతే ఇస్తుంది.

ఆ ఓవెన్ రోజులో ఎంతసేపు ఖాళీగా ఉంటుందో ఒక వారం రాయించండి. రంగు మార్చినప్పుడల్లా, భోజనాల వేళ, షిఫ్ట్ మారేటప్పుడు. 1969లో టొయోటాలో 1000 టన్నుల ప్రెస్‌కి డై (అచ్చు) మార్చడానికి 4 గంటలు పట్టేది. షిగెయో షింగో అనే జపాన్ ఇంజనీరు వాళ్లతో కలిసి కూర్చుని మొదట 90 నిమిషాలకి తెచ్చారు, తర్వాత 3 నిమిషాలకి. కొత్త ప్రెస్ కొనలేదు. ప్రెస్ నడుస్తుండగానే చేసుకోగల పనులన్నీ ముందే ముగించి, ఆపాక చేయక తప్పనివి మాత్రమే మిగుల్చుకున్నారు. మీ రంగు మార్పుకీ అదే వర్తిస్తుంది.

సేల్స్‌లో పదేళ్లు
ఓవెన్ సంగతి ముందే తెలిస్తే నేనలా అనేవాణ్ణి కాదు. అయినా మీ రిపోర్టులో "వద్దు" అని ఒక్క మాట రాసి పంపకండి. అలా పంపితే ఆలస్యాలు అలాగే ఉంటాయి, ఆర్నెల్లకి ఇదే ప్రతిపాదన ఇంకో అట్టతో వస్తుంది.

కాస్టింగ్ చూసేవాణ్ణి
ఆ మాటతో ఏకీభవిస్తాను. ఓవెన్‌లో ఒక్క గంట కలిసొస్తే ఆ గంటలో బయటికొచ్చే ప్రతి పీసుకీ 50 మిగులుతుంది, స్థిర ఖర్చు దాదాపు పెరగదు. రెండో ఓవెన్ కొనాల్సి వచ్చినా మొత్తం లైనుతో పోలిస్తే ఎంతవుతుందో కొటేషన్ తెప్పించండి. పెరిగిన స్టాకుకీ, రావాల్సిన బాకీలకీ ఎంత డబ్బు ఇరుక్కుంటుందో కూడా అడగండి, ప్రతిపాదనలో ఆ ఊసే లేదు.

ప్రశ్న వేసినవారు
తిప్పి పంపుతున్నాను, మూడు అడుగుతూ. 14,000, 16,000 అంకెలతో సరిచేసిన లెక్క. ఏడాది పంపకాలు, రద్దుల పట్టిక. ఓవెన్ ఆగిన సమయాల రిజిస్టరు. మూడోది ఎవరినీ అడగక్కర్లేదనిపించి సోమవారం నుంచి నేనే మొదలుపెడుతున్నాను, మొదటి షిఫ్ట్‌తో.