అప్‌డేట్: ట్రమడాల్‌కు అలవాటుపడిన మా తమ్ముడు

మోకాలి గాయం మానినా ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు వదలలేక, ఫుట్‌బాల్ క్లబ్బుతో ఒప్పందం పోగొట్టుకుని హనుమకొండకు తిరిగివచ్చిన మా తమ్ముడి గురించి నిరుడు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మత్తు అలవాటు మాన్పించడానికి సాయపడే 14446 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమన్న సలహాయే దారి చూపింది. వారు చెప్పిన కేంద్రంలో మానసిక వైద్యుడు పరీక్షించి, రాత్రిళ్లు పట్టే చెమటలు, కాళ్ల పీకులు, విరేచనాలు అన్నీ మాత్ర అందనప్పుడు వచ్చే లక్షణాలేనని తేల్చి, ఆ లక్షణాలను అదుపులో పెట్టే బ్యుప్రెనార్ఫిన్ అనే మందు మొదలుపెట్టారు. మేము కంగారుపడి చేయించిన థైరాయిడ్ పరీక్షకూ, రెండోసారి తీయించిన ఎంఆర్ఐకీ దీనితో సంబంధమే లేదు. ఒక్కసారిగా మాన్పించి గదిలో పెట్టమన్న సలహాను మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు. మేము అలా చేసిన మూడు రోజులు వాడు పడ్డ బాధ నేను కళ్లారా చూశాను.

పోటీల సమయంలో ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి నిషిద్ధం కనుక, క్లబ్బు తలుపు మళ్లీ తెరుచుకుంటుందని మేము ఆశపడడం లేదు. ఎనిమిది నెలలు గడిచాయి. నిన్న ఉదయం ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్‌ఎస్) మైదానంలో బూట్ల లేసులు కట్టుకుంటుంటే వాడి వేళ్లు వణకలేదు.