అప్‌డేట్: ఇంట్లో చేత్తో పీసీబీ కోయడానికి, గీసి విరిచే పద్ధతి ఫలించింది

యంత్రమేదీ లేకుండా, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు అమర్చే పీసీబీని, అంటే గాజు నారలను రెసిన్‌తో అతికించి పైన రాగి రేకు పరిచిన, 1.6 మిల్లీమీటర్ల మందమున్న ఎఫ్‌ఆర్‌4 రకం బోర్డును ఇంట్లో తిన్నగా కోయడం ఎలాగని గత నెలలో అడిగాను. హ్యాక్సాతో కోస్తుంటే కోత పక్కకు పోయేది, అంచున రాగి రేకు లేచిపోయేది. గీసి విరవమని సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో బోర్డులు, ఇంటి దగ్గరి హార్డ్‌వేర్ దుకాణంలో అక్రిలిక్ షీట్లు కోసే కట్టరు కొన్నాను. స్టీలు స్కేలును క్లాంపులతో బల్లకు బిగించి, మొదట తేలికగా, రాగి తెగాక కొంచెం బలంగా, ఒక్కో వైపు పదిహేనేసి సార్లు గీశాను. రాగి పొర మందం సాధారణంగా 35 మైక్రాన్లే కనుక త్వరగానే తెగుతుంది. బోర్డు బలమంతా లోపలి గాజు నారలదే కాబట్టి, ఒక వైపే గీసి విరిచినప్పుడు నాకు అంచు పీచుపీచుగా చీలింది. రెండు వైపుల గీతలూ సరిగ్గా ఎదురెదురుగా పడటమే ఇందులో అసలు కష్టం. అందుకు బోర్డు రెండు అంచుల్లోనూ ఆకురాయితో చిన్న గాట్లు పెట్టి, తిప్పిన తరువాత స్కేలును ఆ గాట్లకే సరిచూసుకున్నాను. ఆపై గీతను బల్ల అంచు మీదికి తెచ్చి, చెక్కపట్టీతో అదిమి వంచితే టక్కున విరిగింది.

అంచులను 220 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాను; అందుకోసం ముందే అర మిల్లీమీటరు ఎక్కువ వదలాలి. గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక దయచేసి పొడిగా రుద్దవద్దు, మాస్కు మరువవద్దు.

మూల తిరిగే కోతలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాటికి కంసాలులు వాడే సన్న రంపమే వాడుతున్నాను.